మీసం చాటున పోయిన మాటలు

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. చెవులు వినపడని పిల్లలకు ఆ రోజుల్లో మాటలెలా నేర్పేవారండీ, మిషన్లు లేవు కదా అని అడుగుతారు. నేను జవాబు చెప్పకుండా వాళ్లను కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, వెలుగు మొహం మీద పడేలా చూసి, ఏదైనా మాట్లాడమంటాను. వాళ్ల పెదవులు చూస్తాను. కొందరు మాట్లాడుతూ చేయి నోటికి అడ్డం పెట్టుకుంటారు. కొందరు తల వంచుకుంటారు. ఈ మధ్య వచ్చిన ఒకబ్బాయికి పెదవి మీదికి దిగిన ఒత్తయిన మీసం ఉంది. అది తీసెయ్యమన్నాను. ముసలాయన చాదస్తం అనుకుని నవ్వి వెళ్లిపోయాడు. అతనికి సరిగ్గా చెప్పలేకపోయానే అని నాకు రెండు రోజులు మనసు కుదుట పడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు వచ్చిన పదవులు, నేను పంపిన రిపోర్టులు వదిలేస్తాను. వాటివల్ల ఏ బిడ్డా మాట్లాడలేదు. ఒక ఏడాది సంగతి, అందులో నేను చేసిన తప్పు సంగతి చెబుతాను.

మా ఇల్లు

మాది కోడుమూరు పక్క పల్లె. మా ముత్తాత కాలంలో మా ఇంటి ముందు ఎవరూ బండి మీద కూర్చుని పోయేవారు కాదట. దిగి, ఎద్దులను నడిపించుకుంటూ మా గోడ దాటాక మళ్లీ ఎక్కేవారట. నాకు ఊహ తెలిసేసరికి బండ్లు ఆగకుండా పోతుండేవి. పొలాలు పోయాయి, పెత్తనం పోయింది, మిద్దె సగం కూలింది. మిగిలినవి రెండే. నడుం వంచకుండా కూర్చునే అలవాటు ఒకటి, మగవాళ్ల మీసం ఒకటి. నా మీసం ఇరవై ఏళ్లకే పై పెదవిని పూర్తిగా కప్పేసింది. దానికి నేనూ గర్వపడేవాణ్ని.

మా ఇళ్లలో మగవాడు మీసం తీసేది తండ్రి పోయినప్పుడే. తండ్రి బతికుండగా తీస్తే ఆయన్ను మనమే పాడె మీద పడుకోబెట్టినట్టు. ఈ సంగతి ముందే చెప్పి ఉంచుతున్నాను.

మద్రాసులో ఈ పని నేర్చుకుని వచ్చి, కర్నూల్లో ఉద్యోగం దొరికిందని చెప్పినప్పుడు మా నాయన అడిగాడు.

“ఏం పనిరా అది?”

“చెవుడుండే పిల్లోళ్లకు మాటలు నేర్పేది నాయనా.”

“నేర్పల్లంటే నోరు తెరిచి చూపించల్ల గదా?”

“చూపించల్ల.”

“మనోళ్లు నోరు తెరవకుండానే పనులయ్యేటివి ఈ ఊళ్లో,” అని లోపలికి వెళ్లిపోయాడు. ఆయన అన్నది అబద్ధం కాదు. కనుసైగతో పని జరిపించుకునే ఇంటి నుంచి, నాలుక ఎక్కడ పెట్టాలో పసిపిల్లలకు చూపించే పనికి వచ్చాను. ఆ సిగ్గు నన్ను చాలా రోజులు వదల్లేదు. సిగ్గు ఉన్నవాడు ఇంకా నిటారుగా కూర్చుంటాడు.

బడి

పాతబస్తీలో తుంగభద్ర వైపు ఒక అద్దె ఇల్లే మా బడి. పదకొండు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లం. పెద్ద టీచరు ఎస్తేరమ్మగారు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, బక్కపలచని మనిషి, గొంతు మాత్రం గరుకు. ఆడమనిషి కింద పనిచేయడం మా ఇంటికి కొత్త. నన్ను ఆమె “పెద్దింటాయనా” అని పిలిచేది. ఎగతాళి అని తెలుసు. తెలియనట్టు ఉండేవాణ్ని.

మా సామాను ఒక నిలువుటద్దం, కాగితం ముక్కలు, కాస్త బెల్లం. పిల్లా నేనూ పక్కపక్కన అద్దం ముందు కూర్చుంటాం. పెదవి ముందు కాగితం పట్టుకుని ‘ప’ అంటే కాగితం ఎగురుతుంది. ‘బ’ అంటే అంత ఎగరదు, గొంతు మాత్రం అదురుతుంది. పిల్ల చేతిని మన గొంతు మీద పెట్టించాలి. ‘మ’ అంటే కాగితం కదలదు, ముక్కు పక్కన సన్నగా జుమ్మంటుంది. ఈ మూడూ అద్దంలో ఒక్కలాగే కనపడతాయి. నాలుక పైకి లేవాలంటే అంగిట్లో బెల్లం రాస్తాం, పిల్ల నాలుకతో వెతుక్కుంటుంది. ఇలా ఒక్క శబ్దానికి నెలలు పట్టేవి.

ఇంకొక పని కూడా చేశాం. పిల్లలు చేతులతో సైగలు చేసుకోకుండా పాఠం జరిగినంతసేపూ చేతులు వెనక్కి కట్టుకుని కూర్చోమనేవాళ్లం. సైగలు అలవాటైతే మాట రాదని మాకు నేర్పారు. పెరట్లో మేము చూడనప్పుడు వాళ్ల చేతులు ఎంత చకచకా ఆడేవో, ఎంత నవ్వుకునేవారో చూసి కూడా కట్టించాం. అది తప్పు. నాకు నేర్పినవాళ్లదే కాదు, కళ్లతో చూసి కూడా మారని నాది కూడా. మీరు ఆ పని చేయకండి.

గొంతు నేర్పడం వేరు, భాష నేర్పడం వేరు. బడిలో మేము నేర్పేది గొంతు. వినపడే బిడ్డకు అన్నం తింటూ, స్నానం చేస్తూ, తిట్లు తింటూ రోజంతా చెవిలో పడే మాటల వల్ల భాష వస్తుంది. వినపడని బిడ్డకు ఆ మాటలన్నీ కళ్లలో పడాలి. అంటే ఇంట్లో మొహాలు కనపడాలి. ఇది నాకు పుస్తకంలో తెలుసు. పుస్తకంలోనే తెలుసు.

శివమ్మ

శెనక్కాయ పీకడం అయిపోయిన రోజుల్లో ఆత్మకూరు వైపు నుంచి ఓబుళరెడ్డి అనే పెద్దాయన మనవరాలిని తీసుకొచ్చాడు. ఆరేళ్ల పిల్ల, పేరు శివమ్మ. మూడేళ్ల వయసులో మెదడుకు జ్వరమొచ్చి వినికిడి పోయింది. అప్పటికి వచ్చిన మాటలు ఆ తర్వాత ఒక్కొక్కటే రాలిపోయాయి.

“ముందు బువ్వ అనేది, ఆవు అనేది, నన్ను అబ్బా అనేది,” అన్నాడు ఆయన. మా వైపు తాతను అబ్బ అంటారు. “శానా ముద్దుగా అనేది. అన్నీ పోయినాయి. అబ్బా అనేది ఒకటి ఇంగా కొన్నాళ్లు నిలిచింది. అదీ పోయింది.”

ఆయన మీసం నా మీసం కంటే పెద్దది. మేమిద్దరం ఒకరి మీసం ఒకరం చూసుకుని గౌరవించుకున్నాం.

“వచ్చే ఏడు శెనక్కాయ పీకేనాటికి దీంతో నన్ను అబ్బా అనిపించు అయ్యోరూ. అనకపోతే తీసకపోతా. పొలం పని ఇడిసిపెట్టి ఊరు గాని ఊళ్లో ఎన్నాళ్లుండేది?”

తీసుకుపోతే ఆ పిల్ల మళ్లీ రాదు. మూడేళ్లప్పుడు ఆగిన మాట పదేళ్లకు మొదలుపెడితే రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ రోజు మొదలు ఆ గడువు భయం నన్ను వదల్లేదు.

శివమ్మ తల్లి లక్షుమ్మ కూడా వచ్చింది. కోడల్ని పట్నంలో ఒంటరిగా వదలడం ఇష్టం లేక ఓబుళరెడ్డి తాను కూడా ఉండిపోయాడు. రాజధాని వచ్చిన కొత్తలో కర్నూల్లో ఇళ్లు దొరికేవి కావు. బడికి ఎదురు సందులో ఒక్క గది, ముందు చిన్న అరుగు, అంతే దొరికింది. ఆయన అరుగు స్తంభానికి ఆనుకుని ఇంట్లోకి చూస్తూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చునేవాడు.

నేను వారానికి రెండుసార్లు వెళ్లేవాణ్ని. అరుగు మీద కూర్చుని, ఈ వారం ఇంట్లో ఏ మాటలు పలకాలో ఆయనకు చెప్పేవాణ్ని. ఆయన తలుపు వైపు తిరిగి, “ఇన్నావా యమ్మా?” అనేవాడు. లోపల గాజుల చప్పుడు వినపడేది. నేను ఒక్కసారి కూడా తలెత్తి లోపలికి చూడలేదు. పరాయి ఇంటి ఆడవాళ్ల మొహం చూసే అలవాటు మాకు లేదు. అది నా సంస్కారం అనుకున్నాను.

నేను రాసిన ఒక మాట

చలికాలం పోయింది, ఎండలు వచ్చాయి. శివమ్మ ‘ఆ’ అనేది, అంతే. ఎస్తేరమ్మగారి దగ్గర కొంచెం మెరుగు. నా దగ్గర కూర్చుంటే పిల్ల చూపు ఎక్కడా నిలిచేది కాదు. నా కళ్లు చూసేది, కనుబొమలు చూసేది, చేతులు చూసేది. ఇంట్లో అయితే ఎవరి మొహమూ చూడడం మానేసిందని, కాళ్లు చూస్తుందని ఓబుళరెడ్డి చెప్పాడు. వేసవి చివర నేను బడి పుస్తకంలో ఆమె పేరుకు ఎదురుగా ‘బుద్ధి మాంద్యం’ అని రాశాను. గడువుకు ఇంకా కొన్ని నెలలు ఉన్నాయి. కానీ అలా రాసేస్తే ఆ భయం నుంచి నాకు విడుదల. ఆ మాట రాసినప్పుడు నా చేయి తేలికైన సంగతి నాకు ఇప్పటికీ గుర్తుంది. మీ చేయి అలా తేలికైనప్పుడు రాయడం ఆపి ఆలోచించండి.

ఎస్తేరమ్మగారు అది చదివి నా దగ్గరికి వచ్చారు.

“వాళ్లింటికి పోతాండావు గదా?”

“పోతాండా.”

“లోపలికి పోయినావా?”

“ఆడవాళ్లుండే చోటికి నేనెట్ల పోతా?”

ఆమె కొంగు సర్దుకుని తానే వెళ్లింది. గంట తర్వాత వచ్చి బెంచీ మీద కూర్చుంది.

“ఆయన పొద్దుగూకులూ ఇంట్లోకి చూస్తా కూర్చోనుంటాడు. ఉండేది ఒగటే గది. మామ ఎదురుగా ఉంటే కోడలేం జేస్తాది? కొంగు నోటికి అడ్డం పెట్టుకోనే మాట్లాడతాది. అన్నం పెట్టినా అడ్డమే, నీళ్లు పోసినా అడ్డమే. ఆ బిడ్డకు ఇంట్లో కనపడేది రెండే, ఒగ గుడ్డ, ఒగ మీసం. బడికొస్తే ఇంగో మీసం.”

మా ఇళ్లలో మామగారి ఎదుట కోడలు అలా కొంగు అడ్డం పెట్టుకోవడం నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. మా అమ్మ పెదవులు మా తాత చనిపోయేదాకా నేను పగటిపూట సరిగా చూసి ఉండను. అయినా ఆ అరుగు మీద కూర్చుని, ఆ కొంగు చాటున పిల్లకు మాటలు నేర్పమని కబురు పెట్టాను. పల్లెలో వాళ్లది పెద్ద ఇల్లు, లోపలి వసారాలో తల్లి మొహం తెరుచుకుని తిరిగేది. మాటలు నేర్పిస్తామని పట్నానికి రప్పించి, ఆ పిల్లకు తల్లి మొహాన్నే లేకుండా చేశాం.

“నా మీసానికి దీనికీ ఏం సంబంధం?” అన్నాను. నాకు కోపం వచ్చింది.

ఆమె శివమ్మను పిలిచి, నేల మీద బంతి, చెంబు, తాళంచెవి, పూసలదండ పెట్టింది. గొంతు లేకుండా, పెదవులతో మాత్రం “చెంబు” అంది. పిల్ల చెంబు తీసింది. “పూసలు” అంది. దండ తీసింది. అయిదుసార్లలో నాలుగుసార్లు సరిగ్గా తీసింది.

“ఇప్పుడు నువ్వు జెప్పు.”

“బంతి,” అన్నాను. పిల్ల నా కళ్లలోకి చూసింది. నేను ఏ వస్తువు వైపు చూస్తానో అని చూసింది. చేతిని ఒక్కొక్క వస్తువు మీదా ఆడిస్తూ నా కనుబొమలు కదులుతాయేమో చూసింది. చివరికి తాళంచెవి తీసి, భయంగా నాకు ఇచ్చింది. మళ్లీ చెప్పాను. చెంబు ఇచ్చింది.

ఆ పిల్ల మందమతి కాదు. నా మొహం అంతా వెతికింది, కానీ వెతకాల్సిన చోటును నేను కప్పి ఉంచాను.

“చేరిన రోజే ఈ మీసం సంగతి నీకు జెప్పినా,” అంది ఎస్తేరమ్మగారు. “మొగం అట్ల పెట్టినావు. పోతావేమో అని భయపడి మళ్లీ ఎత్తలేదు. ఇంగో టీచరు నాకు యాడ దొరకతాడు? ఆ తప్పు నాది.” ఆమె అన్నట్టే అది ఆమె తప్పు. పైనున్నవాళ్లు మనల్ని నొప్పించడానికి భయపడితే దాని ఫలితం పిల్లలు అనుభవిస్తారు.

నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది హనుమంతు. అంతకు ముందు ఏడు నేనొక్కణ్నే పాఠాలు చెప్పిన కుర్రాడు, కూలి చేసుకునే ఇంటి బిడ్డ. వాడికి కూడా అదే మాట రాసి ఇంటికి పంపించాను. శివమ్మ సంగతి తెలిసిన నెల తిరక్కుండా వాడి ఊరికి పోయాను. ఆ ఇంటికి తాళం ఉంది. పనులు లేక ఎటో వలస పోయారన్నారు. ఎటో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత రెండుసార్లు పోయాను. వాడు ఇప్పుడు బతికుంటే నడివయసు మనిషి. బజార్లో ఎవరైనా నా కళ్లలోకి, కనుబొమల్లోకి వెతుకుతున్నట్టు చూస్తే, వాడేనేమో అని ఇప్పటికీ ఆగి చూస్తాను.

కత్తి

బజారు వీధిలో తిప్పన్న అనే ఆయన దగ్గర నాకు క్షౌరం. మీసం తీసెయ్యమన్నాను. ఆయన కత్తి కింద పెట్టాడు.

“పెద్దాయనకు ఏమన్నా...?”

“బాగుండాడు.”

“మరి ఏంటికప్పా?”

“బడి పనికి. పిల్లోళ్లకు అడ్డమొస్తాంది.”

“ఇదేం బడప్పా, మీసం అడ్డమొచ్చే బడి! నవ్వుతారు పో.” ఆయన నిజంగానే నవ్వాడు, తర్వాత ఆపాడు. “చూడు సామీ, నాయన బతికుండంగా నేను కత్తి పెట్టను. రేపు పెద్దాయన ఊరికే దగ్గినా నా పేరే జెప్తారు. కావాలంటే కొసలు కత్తిరిస్తా, కూసో.”

కొసలు కత్తిరించుకుని వచ్చాను. మళ్లీ నాలుగు వస్తువులు పెట్టాం. అయిదుసార్లకు ఒకటి సరిగ్గా తీసింది. ఎస్తేరమ్మగారు నన్ను పరీక్షగా చూసి, “సగం పెదవి పుట్టింది పెద్దింటాయనా, ఇంగా సగం కడుపులోనే ఉండాది,” అంది.

ఒక ఆదివారం పొద్దున బడికి వెళ్లి, పిల్లలకు పాఠాలు చెప్పే అద్దం ముందు కూర్చుని నేనే తీసేశాను. అలవాటు లేని కత్తి, రెండు చోట్ల తెగింది. అద్దంలో నా మొహం మా ఇంటివాడి మొహంలా లేదు. సోమవారం శివమ్మ నా ఎదురుగా కూర్చుని నా పై పెదవిని చాలాసేపు చూసింది. వేలితో ముట్టుకుంది. “బంతి,” అన్నాను. బంతి ఇచ్చింది.

కర్నూల్లో నన్ను చూసిన మా చుట్టం ఒకాయన, ఎవరినీ అడక్కుండా, పరామర్శకని నేరుగా మా ఊరికి పోయాడు. తలుపు తీసింది మా నాయనే.

మూడో రోజు ఆయన బస్సెక్కి వచ్చి బడి వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

“నేను బతికే ఉండా,” అన్నాడు.

“తెలుసు నాయనా.”

“తెలిసే తీసినావా?”

శివమ్మను చూపించి, ఈ పిల్లకు నా పెదవి కనపడల్ల అన్నాను. ఆయన పిల్లను చూశాడు. పిల్ల అలవాటుగా ఆయన మీసం మీద మాట కోసం వెతికింది. ఆయన ఎస్తేరమ్మగారు తెచ్చిన నీళ్లు ముట్టుకోకుండా బస్టాండుకు నడిచాడు. వెన్ను మాత్రం వంగలేదు.

మళ్లీ నేను మీసం పెంచలేదు. కొన్నేళ్లకు ఆయన పోయినప్పుడు, ఏటి దగ్గర క్షౌరం చేసేవాడు నా తల గొరిగి, మొహం దగ్గరికి వచ్చి కత్తి ఆపాడు. నాయన కోసం తీయడానికి అక్కడ ఏమీ లేదు.

అరుగు

మీసం తీసిన వారానికి ఓబుళరెడ్డి దగ్గరికి పోయాను.

“అయ్యో, ఎప్పుడు పోయినాడప్పా నాయన? మాకు కబురే ల్యా.”

“పోలేదు. బాగుండాడు.”

ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు. “మరి ఇదేంది?”

“మీ మనవరాలికి.”

చెంబుతో, బంతితో జరిగింది చెప్పాను. ఆయన చేయి తన మీసం మీదికి పోయింది.

“నన్నూ తీసెయ్యమని అడిగేదానికి వచ్చినావా? అడుగు, అంత దూరం వచ్చినావు గదా.”

“మిమ్మల్ని అడగను. కోడలిని కొంగు అడ్డం తీసి బిడ్డతో మాట్లాడనీయండి.”

“నా ఎదురుగానా?”

“ఉండేది ఒకటే గది.”

“నా ముందర కోడలు నోరు కనపడేటట్టు మాట్లాడితే రేపు ఊళ్లో నా మర్యాద యాడుంటాది?”

“నాది యాడుండాది?” అన్నాను.

అప్పుడు తలుపు చాటునుంచి, గుడ్డ చాటునుంచి లక్షుమ్మ గొంతు వినపడింది. “మామా, బిడ్డ నా మొగం చూసేది మానుకునింది. నా కాళ్లు చూస్తాంది. ఏంటికని నేనూ అడగలేదు.” నేను నేల చూపు చూస్తున్నాను. ఆయన లేచి, కూర్చున్న కంబళి దులిపి, స్తంభానికి ఇవతలి పక్క పరిచి, ఇంటికి వీపు పెట్టి వీధి వైపు కూర్చున్నాడు.

“నేను చూడను. నేను చూడకపోతే ఆ యమ్మ కొంగు తీసినట్టు గాదు. ఇట్లే కూసుంటా.” వీధిని చూస్తూనే అన్నాడు. “శెనక్కాయ పీకేదాకా. ఆ గడువు మాత్రం మారదు.”

అప్పటికే తొలకరి పడి విత్తనం వేశారు.

ఎండిన పైరు

ఆ నెలలు ఎలా గడిచాయో చెప్పలేను. రోజూ సాయంత్రం దాకా ఆయన వీధిని చూస్తూ కూర్చునేవాడు. లోపల లక్షుమ్మ రొట్టెలు కొడుతూ, గిన్నెలు తోముతూ ప్రతిదీ పిల్ల మొహంలోకి చూసి చెప్పేది. మొదట్లో ఆమె పెదవులు కదలకుండా గొణిగేది, ఏళ్ల అలవాటు. సరిదిద్దాలంటే నేను ఆమె నోరు చూడాలి. చూశాను. నాకు చెమటలు పట్టాయి, ఆమెకూ పట్టాయి.

పిల్లకు ‘అమ్మ’ వచ్చింది. ముక్కు మీద వేలితో నేర్పిన ‘మ’. తర్వాత ‘దా’, ‘రొట్టె’లో సగం, ‘వద్దు’ పూర్తిగా. ‘వద్దు’ వచ్చిన రోజు లక్షుమ్మ ఏడ్చింది. ‘బ’ మాత్రం కాగితం ముందు ఒకసారి వచ్చేది, పదిసార్లు రాదు.

నేను సెలవు దొరికితే ఊరి బయటికి నడిచి శెనక్కాయ చేలు చూసి వచ్చేవాణ్ని. పూత వచ్చింది. కాయ కట్టే ఊడలు భూమిలోకి దిగే వేళకు వాన ఆగింది. రోజూ ఆకాశం చూశాను. ఆకులు ముడుచుకున్నాయి. పైరు ఎండితే రైతులు ముందే పీకేస్తారు, కనీసం ఎండు కట్టె మేతగానైనా పశువులకు దక్కుతుందని. అంటే గడువు ముందుకు జరుగుతుంది. మా నాయన పొలాలు పోయినందుకు కూడా నేను అంత బాధపడలేదు.

అనుకున్నట్టే కబురొచ్చింది. ఎల్లుండి పీకుతున్నారు, బండి పంపిస్తున్నామని, పల్లెలో పొలం చూసుకుంటున్న శివమ్మ తండ్రి చెప్పి పంపాడు. మర్నాడు సాయంత్రం నేను వెళ్లేసరికి మూటలు కట్టి ఉన్నాయి. ఓబుళరెడ్డి వీధి వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. 

అప్పుడే నాకు తట్టింది. ఇన్ని నెలలు ఈ పిల్లకు ఆయన వీపే తప్ప మొహం కనపడలేదు. ఆయన ఏ మాట కోసం ఎదురుచూస్తున్నాడో, ఆ మాటకు ఎదురుగా ఉండాల్సిన మనిషినే మేము అవతలికి తిప్పి కూర్చోబెట్టాం. ఇంకొక తప్పు, అది కూడా నాదే.

లోపల రొట్టెలయ్యాయి. లక్షుమ్మ పిల్ల గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుని, “పొయ్యి అబ్బను పిలుచుకోని రా,” అంది. రోజూ తానే గిన్నె తెచ్చి ఆయన వెనక పెట్టేది. ఆ రోజెందుకు పంపిందో నేను అడగలేదు. పిల్ల గడప దగ్గరికి వచ్చి నిలబడింది. ఆయన వీపును చూసింది.

“అబ్బా,” అంది.

మోటుగా, లోతుగా, రాయి దొర్లినట్టు వచ్చింది. ‘బ’ గొంతులోంచి వచ్చింది.

“ఆఁ, వస్తాండా,” అన్నాడు ఆయన వీధి చూస్తూనే. ఎవరు పిలిచినా పలికినట్టే పలికాడు.

అప్పుడు ఆయన చేయి మోకాలి మీద బిగుసుకుంది. కదల్లేదు. ఆయన పలికింది పిల్లకు వినపడదు కదా. ఆమె కొంచెంసేపు చూసి, ఇంకా గట్టిగా, “అబ్బా!” అంది.

తిరగాలంటే ఇంట్లోకి చూడాలి. లోపల కోడలు కొంగు లేకుండా నిలబడి ఉంది. ఆయన తిరిగాడు. లక్షుమ్మ చేయి కొంగు మీదికి పోయి, సగంలో ఆగిపోయింది. ఆయన ఆమెను చూడలేదు. పిల్ల ఆయన మీసం మీద జవాబు కోసం వెతుకుతోంది. ఆయన రెండు వేళ్లతో మీసాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. ఎన్నేళ్లుగానో ఎండ తగలని పెదవి అది, తెల్లగా ఉంది.

“వస్తాండానే, శివమ్మా,” అన్నాడు.

శివమ్మ మాట ఎప్పటికీ పూర్తిగా తేటపడలేదు. కొత్తవాళ్లకు అర్థమయ్యేది కాదు, కొందరు నవ్వేవారు. చదవడం, రాయడం బాగా వచ్చాయి. చేతుల మాట తోటిపిల్లల దగ్గర నేర్చుకుంది, అందులో ఆమె మా అందరికంటే చురుకు. నేను సాధించింది ఇంతే అని మీరు అనుకోవచ్చు. ఇంతే.

ఆమె అబ్బా అన్న మర్నాడు బండి వచ్చింది. ఓబుళరెడ్డి తన మూట ఒక్కటే ఎక్కించుకుని, తల్లీబిడ్డల మూటలు మళ్లీ లోపల పెట్టించాడు. బండిలో వెనక్కి తిరిగి, మా వైపు చూస్తూ కూర్చున్నాడు. సందు చివర బండి మలుపు తిరిగే చోట మీసం రెండు వేళ్లతో ఎత్తి ఏదో అన్నాడు. చక్రాల చప్పుడులో నాకు వినపడలేదు, లక్షుమ్మకూ వినపడలేదు.

శివమ్మ మాత్రం సరేనని తలూపింది.